కత్తి నల్లబడితే కంగారు లేదు, ఎర్రబడితేనే పని పడింది

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. మీ తమ్ముడు జపాన్ నుంచి వస్తూ సాంతోకు అనే, వంటింట్లో అన్నీ కోసుకునే జపాన్ కత్తి ఒకటి తెచ్చాడు. స్టెయిన్‌లెస్ కాదు, కార్బన్ స్టీల్, షిరోగామి అనే ఉక్కులో రెండో నంబరు రకం. వారం తిరక్కుండానే అంతా రంగు తిరిగింది, చికెన్ కోసిన చోట నీలం చారలు వచ్చాయి. నిమ్మకాయ కోసి పక్కన పెట్టిన చోట నారింజరంగు చుక్కలు లేచాయి. ఉల్లిపాయ ముక్కలకి బూడిదరంగు అంటుతోంది, పెరుగుపచ్చడి ఇనుము వాసన వస్తోందని పిల్లలు తినడం లేదు. కత్తి తుప్పు పట్టి పాడైపోయింది, స్టీలు పీచు పెట్టి తోమించమని మీ అత్తగారు అంటున్నారు. వెనిగర్‌లో నానబెట్టమని ఏదో వీడియోలో చెప్పారు. ఎవరి మాట వినాలి, రంగు అంతటా ఒకేలా రావాలంటే ఏం చేయాలి అని అడిగారు. అటక మీద పాత కత్తిపీట ఒకటి ఉందనీ, అది ఎప్పట్నుంచో నల్లగానే ఉందనీ చివర్లో ఒక మాట రాశారు. మీ ప్రశ్నకి సగం జవాబు ఆ కత్తిపీటలోనే ఉంది.

ముందు టెన్షన్ తగ్గే మాట చెప్తాను. కత్తి పాడవలేదు. నీలం చారల్ని ముట్టుకోకండి. నారింజ చుక్కల్ని ఇవాళే తీసేయండి, ఎలాగో కింద రాస్తాను. పీచు వద్దు. వెనిగర్ మీ ఇంటికి అవసరం లేదు. ఇకనుంచి కత్తి పక్కన ఒక పొడి గుడ్డ పెట్టుకోండి. నేను ఇరవై ఏళ్ళు దాటి వంటపనిలోనే ఉన్నాను. మొదట కాకినాడలో మా మేనమామ కేటరింగ్‌లో చేశాను, ఇప్పుడు హైదరాబాద్‌లో సొంత వంటశాల నడుపుతున్నాను. ఇన్నేళ్ళలో కార్బన్ స్టీల్ కత్తి వాడలేక వదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను. దాదాపు అందరూ గుడ్డ దగ్గరే తప్పారు.

అసలు జరిగేదేమిటంటే, మామూలు స్టెయిన్‌లెస్ కత్తిలో కనీసం పది శాతం పైన క్రోమియం ఉంటుంది. ఆ క్రోమియం గాలి తగలగానే కంటికి కనబడని పొర కట్టుకుని లోపలి ఇనుముని కాపాడుతుంది. మీ షిరోగామిలో ఆ క్రోమియం లేదు. జపాన్‌లో యాసుగి అనే ఊళ్ళో తయారయ్యే ఉక్కు అది. తెల్ల కాగితం చుట్టి అమ్మేవారు కాబట్టి షిరోగామి, అంటే తెల్లకాగితం ఉక్కు అని పేరు పడింది. రెండో నంబరులో కార్బన్ ఒక శాతానికి కాస్త పైనే, 1.05 నుంచి 1.15 దాకా ఉంటుంది. మిగతాదంతా దాదాపు శుద్ధమైన ఇనుమే. అందుకే అది గడ్డం గీసుకునేంత పదును తేలుతుంది, సాన రాయి మీద వెన్నలా అరుగుతుంది. నీళ్ళు తగిలితే తుప్పు పట్టేదీ అందుకే.

ఇనుము గాలితో, నీటితో కలిసినప్పుడు రెండు దారుల్లో పోవచ్చు. ఒకటి ఎర్ర తుప్పు. ఇది గుల్లగా ఉంటుంది, ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఉబ్బి పొరలుగా లేస్తుంది. ఆ గుల్లలో తేమ దాక్కుంటుంది, కింద కొత్త ఇనుముని తింటూ పోతుంది. రెండోది మాగ్నటైట్ అనే నల్ల ఆక్సైడు. ఇది దట్టంగా, పల్చగా అంటిపెట్టుకుని ఉంటుంది, కిందికి తేమ దిగడాన్ని బాగా తగ్గిస్తుంది. వంటింట్లో వాడే కత్తికి ఈ నల్ల ఆక్సైడుతో పాటు కూరగాయల్లోని వగరు, మాంసంలోని ఫాస్ఫేట్లు, ఉల్లిలోని గంధకం ఇనుముతో కలిసి చేసిన పదార్థాలన్నీ కలగలిసి పొర కడతాయి. దాన్నే పటీనా అంటారు. రాగికి, ఇత్తడికి పట్టేదాన్ని మనం చిలుము అంటాం, ఇనుముకి పట్టేదాన్ని తుప్పు అంటాం. ఇనుముకి మేలు చేసే ఈ నలుపుకి మాత్రం అందరికీ తెలిసిన తెలుగు మాట నాకు తగల్లేదు. అందుకే నల్లపొర అని రాస్తున్నాను. బహుశా మాట లేకపోవడం వల్లే మీ అత్తగారు కూడా రెండింటినీ కలిపి తుప్పు అన్నారు.

ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. దోసెల పెనానికి నూనె రాసి కాల్చి చేసే నలుపూ ఇదీ ఒకటే అనుకుంటారు. పెనం మీద ఉన్నది కాలి గట్టిపడిన నూనె. కత్తి మీద ఉన్నది ఇనుమే మారిన రూపం. కాబట్టి పెనాన్ని కాల్చినట్టు కత్తిని పొయ్యి మీద పెట్టకండి. ఒక్కసారి వేడెక్కితే ఆ ఉక్కు పదును నిలవదు.

మా అమ్మమ్మ కత్తిపీట గురించి చెప్తాను. కోనసీమలో వాళ్ళ ఊరి కమ్మరి కొట్టిచ్చినది. అలుగు (కోసే ఇనుప భాగం) మొదట్లో, పీటలోకి దిగిన చోట బొగ్గులా నల్లగా ఉండేది. పైకి వచ్చేకొద్దీ పెన్సిలు ముల్లులా, మెరుపున్న బూడిదనలుపు. అంచు వెంట అర అంగుళం మేర మాత్రం వెండి తీగలా తెల్లగా ఉండేది. వేలితో రాస్తే ఏమీ అంటేది కాదు. ఆవిడ వంకాయలు కోయడానికి కూర్చుంటే పక్కన ఉప్పునీళ్ళ గిన్నె, మోకాలి మీద తాతయ్య పాత పంచె ముక్క ఉండేవి. రెండు కాయలు తరగడం, గుడ్డతో అలుగుని కింది నుంచి పైకి ఒక్కసారి తుడవడం, మళ్ళీ రెండు కాయలు. అలవాటుగా, మాట్లాడుతూనే చేసేది. అంతా అయ్యాక చెంబుడు నీళ్ళు పోసి, అదే గుడ్డ పిండి తుడిచి, పొయ్యి పక్క గోడకి ఆనించేది. పొయ్యి వెచ్చదనానికి పీటలో మిగిలిన తేమ కూడా ఆరిపోయేది. ఆ కత్తిపీటకి ఎర్ర మచ్చ నేనెప్పుడూ చూడలేదు. గోదావరి పక్కన, ఏడాదిలో సగం రోజులు గాలే తడిగా ఉండే ఊరది.

ఆవిడ పటీనా కోసం ఏమీ చేయలేదు. కోసింది, తుడిచింది. మీరు చేయాల్సిందీ అంతే. కాకపోతే మొదటి నెల ఏది ముందు కోయాలో, ఏది తర్వాత కోయాలో కాస్త చూసుకుంటే పొర త్వరగా, గట్టిగా కడుతుంది.

మొదట కత్తిని ఒకసారి పాత్రల సబ్బుతో, మెత్తని స్పాంజితో కడగండి. కొత్త కత్తికి కంపెనీవాళ్ళు నూనె రాసి పంపుతారు, కొన్నిటికి పల్చటి లక్క లాంటి పూత కూడా ఉంటుంది. ఆ పూత ఉన్న చోట ఏ రంగూ ఎక్కదు, అందుకే చాలామందికి మచ్చలు మచ్చలుగా వస్తుంది. అలుగు మీద నీళ్ళు పోసినప్పుడు చుక్కలుగా విడిపోతుంటే జిడ్డు ఇంకా ఉన్నట్టు, పల్చగా పరుచుకుంటే పోయినట్టు. పూత మొండిగా ఉంటే నెయిల్ పాలిష్ తుడిచే ద్రవాన్ని దూదికి అద్ది తుడిచి, మళ్ళీ సబ్బుతో కడగండి. తర్వాత అలుగుని వేళ్ళతో ముట్టుకోవద్దు, వేలిముద్రల జిడ్డు కూడా రంగుని అడ్డుకుంటుంది.

ఇక కోత. అందమైన నీలం రావాలంటే మాంసాన్ని మించింది లేదు. ఎముక లేని చికెన్, మటన్ ఏదైనా సరే, గోరువెచ్చగా ఉన్న ఉడికిన ముక్క అయితే ఇంకా మంచిది. కోసి, ఆ రసం అలుగు మీద రెండు మూడు నిమిషాలు ఉండనిచ్చి, ఎండకముందే కడిగి తుడవండి. ముందు లేత గోధుమరంగు, తర్వాత వంగపండు రంగు, ఆ తర్వాత నెమలి మెడ లాంటి నీలం వస్తుంది. ఆ నీలం రంగు పదార్థం కాదు. పొర చాలా పల్చగా ఉన్నప్పుడు వెలుగు దాని పైనుంచీ కిందనుంచీ తిరిగొచ్చి కలిసినప్పుడు కనబడే రంగు. రోడ్డు మీద నీళ్ళల్లో పెట్రోలు చుక్క పడితే కనబడే రంగుల్లాంటిదే. పొర మందం పెరిగేకొద్దీ నీలం పోయి బూడిదరంగు, చివరికి నలుపు వస్తాయి. నీలం పోయిందని ఒకావిడ బాధపడుతూ నాకు రాశారు. పోవడం మంచిదే, పొర ఎదిగిందన్నమాట.

శాకాహారులైతే బంగాళాదుంప, అరటికాయ, అరటిపువ్వు, వంకాయ. వీటిలో వగరు ఉన్నవాటి పని తీరు వేరు. అరటికాయ చెక్కు తీసేటప్పుడు కత్తి నల్లబడటం మనందరం చూసిందే. ఆ వగరులోని టానిన్ ఇనుముతో కలిస్తే నీలినలుపు పుడుతుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు నల్లరంగు చేసే పద్ధతి కూడా ఇదే. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు, బట్టని ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన దాంట్లో తడిపి ఆరబెడతారు. ఆ ఇనుపనీళ్ళు ముంచిన కలం బట్టకి తగలగానే గీత నల్లగా మారిపోతుంది. కరక్కాయ వగరు, ఇనుము కలిసిన నలుపు అది. వందల ఏళ్ళ నాటి బట్టల మీద కూడా నిలిచి ఉంది. మీ కత్తి మీద అరటికాయ వేసే నలుపు దానికి దగ్గర చుట్టం. ఈ సంగతి తెలిశాక నాకు కత్తిపీట మీద గౌరవం ఇంకా పెరిగింది.

మొదటి రెండు వారాలు నిమ్మకాయ, చింతకాయ, టమాటా, మామిడికాయ, అనాస వేరే కత్తితో కోయండి. వీటి పులుపు ఇనుముని కరిగిస్తుంది, తుడవకుండా వదిలేస్తే వెంటనే నారింజ చుక్క లేస్తుంది. నల్లపొర కట్టాక ఇవి కూడా కోసుకోవచ్చు, కాకపోతే కోసిన వెంటనే తుడవాలి. నిమ్మకాయ కోశాక గుడ్డ ఎక్కడుందా అని వెతుక్కునే టైము కూడా ఎక్కువే.

ఉల్లిపాయ సంగతి వేరుగా చెప్పాలి, మీ పిల్లల ఫిర్యాదు దాని మీదే కాబట్టి. ఉల్లిని కోసినప్పుడు దాని కణాలు చిట్లి గంధకం ఉన్న పదార్థాలు పుడతాయి. కళ్ళల్లో నీళ్ళు తెప్పించేదీ వాటిలోదే. ఇవి పొర లేని ఇనుముతో కలిస్తే ముక్కలకి బూడిదరంగు, ఇనుము వాసన వస్తాయి. తాలింపులో వేసే ఉల్లిపాయకి ఇది పెద్దగా తెలియదు. పెరుగుపచ్చడిలో, సలాడ్‌లో పచ్చిగా వేస్తే బాగా తెలుస్తుంది. నెల రోజులు పచ్చి ఉల్లిపాయ వరకు స్టెయిన్‌లెస్ కత్తి వాడండి. తర్వాత ఒకరోజు ఈ కత్తితో కోసి, ముక్కలు తెల్ల గిన్నెలో వేసి పది నిమిషాలు చూడండి. రంగు మారకపోతే మీ పొర కట్టినట్టే. నేను కొత్త కత్తిని వంటశాలలో దింపే ముందు చేసే పరీక్ష ఇదొక్కటే. అలుగు ఎంత నల్లగా ఉందో చూసి నిర్ణయించను.

రంగు అంతటా ఒకేలా రాదా అంటే, రాదు. రానక్కర్లేదు. మీ కత్తి అలుగు మొత్తం రంగు తిరిగింది అంటున్నారు కాబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, దాని మధ్యలో షిరోగామి ఉక్కు, రెండు పక్కలా మెత్తని ఇనుము అతికించి ఉండొచ్చు, లేదా మొత్తం ఒకే ఉక్కు అయ్యుండొచ్చు. పక్కలకి స్టెయిన్‌లెస్ అతికించిన కత్తులైతే అంచు దగ్గర ఒక సెంటీమీటరు మాత్రమే రంగు మారుతుంది. అంచుకి కాస్త పైన ఒక వంకర గీత కనబడుతోందేమో చూడండి. ఉంటే, ఆ గీత కింద ఉక్కు, పైన ఇనుము. రెండూ వేరు వేరు రంగులు తిరుగుతాయి, మెత్తని ఇనుముకి తుప్పు కూడా త్వరగా పడుతుంది. నెల పోయాక ఆ గీత ఇంకా స్పష్టంగా తేలుతుంది. కోనసముద్రంలో, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో, ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు పర్షియా దాకా పోయేది. ఆ రకం ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లాంటి నమూనా ప్రసిద్ధి. ఆ నమూనా కూడా పులుపు రాసి తుడిస్తేనే బాగా తేలేది. కార్బన్ ఎక్కువున్న చోటు ఒక రంగు, తక్కువున్న చోటు ఇంకో రంగు. మీ కత్తి మీద జరిగేదీ అదే పద్ధతిలో జరుగుతుంది.

వెనిగర్ గురించి. అది తప్పు అనను. వెచ్చని నీళ్ళూ వెనిగర్ సమానంగా కలిపి, అలుగుకి పలుమార్లు రాసి పది నిమిషాలు ఉంచితే అంతటా బూడిదరంగు వస్తుంది. మా వంటశాలలో కొత్త కుర్రాళ్ళ చేతికిచ్చే కత్తులకి నేనూ చేస్తాను. వాళ్ళకి తుడిచే అలవాటు ఇంకా రాదు, పెళ్ళి వంటల రోజు ఒక్కో కత్తి రెండొందల ఉల్లిపాయలు చూస్తుంది. అక్కడ నిదానంగా పొర కట్టే టైము లేదు. కానీ వెనిగర్ పొర మెత్తగా ఉంటుంది, మొదట్లో గుడ్డకి నల్లగా అంటుతుంది, పైగా అది సన్నటి అంచుని కూడా తింటుంది కాబట్టి మళ్ళీ సాన పట్టాల్సి వస్తుంది. ఆవపిండి ముద్ద చుక్కలు చుక్కలుగా పెట్టి పులిచర్మం లాంటి డిజైన్లు తెప్పించేవాళ్ళున్నారు. చూడ్డానికి బాగుంటుంది, అంతకంటే దానికి వేరే ఉపయోగం లేదు. ఇంట్లో నలుగురికి వండే కత్తికి ఏదో ఒకటి చేసి తీరాలనిపిస్తే, పాలు పంచదార లేకుండా బాగా మరిగించిన టీ డికాక్షన్‌లో గుడ్డ ముంచి పావుగంట చుట్టి ఉంచండి. కరక్కాయ లాగే టీలోనూ వగరు ఉంది. వెనిగర్ కంటే మెల్లగా, అంచుని పెద్దగా తినకుండా పని చేస్తుంది.

ఇప్పుడు ఆ నారింజ చుక్కలు. బేకింగ్ సోడాలో నాలుగు చుక్కల నీళ్ళు వేసి ముద్ద చేయండి. సీసా బిరడా లాంటిదేదైనా తీసుకుని, ముద్ద అద్ది, చుక్క మీద మాత్రమే రుద్దండి. కత్తిని చెక్క మీద పడుకోబెట్టి, అంచు మీకు దూరంగా ఉంచి, వెన్ను నుంచి అంచు వైపుకి రుద్దాలి. ఎదురుగా రుద్దితే చెయ్యి తెగుతుంది. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్ళల్లో జల్లించిన బూడిదతో చేసేవారు, అది కూడా ఇంతే బాగా పనిచేస్తుంది. చుక్క పోయాక అక్కడ తెల్లగా మెరుస్తుంది. ఆ చోటు మళ్ళీ ఖాళీ అయినట్టు, అందుకే రెండు రోజులు దాని మీద కన్నేసి ఉంచండి. చుట్టుపక్కల ఉన్న నీలాన్ని మాత్రం రుద్దకండి.

పొరంతా పల్చగా ఎర్రబడితే ఇంకో మార్గం ఉంది. కత్తిని సింకులో అడ్డంగా పట్టుకుని, పిడికి తగలకుండా, మరిగే నీళ్ళు అలుగు మీద నాలుగైదుసార్లు పోయండి. పల్చటి ఎర్ర తుప్పు కళ్ళముందే ముదురు రంగుకి తిరుగుతుంది. తుపాకీ గొట్టాలకి నలుపు ఎక్కించే పాత పద్ధతి ఇదే. కావాలని తుప్పు పట్టించి, మరిగే నీళ్ళలో ఉడికించి, పైన లేచినదాన్ని బ్రష్‌తో రాల్చి, మళ్ళీ తుప్పు పట్టించి, ఇలా ఎన్నోసార్లు చేస్తారు. మరిగే నీళ్ళ వేడి కత్తి పదునుకి ఏమీ చేయదు. నీళ్ళు పోశాక అలుగు వేడిగా ఉంటుంది కాబట్టి తుడవగానే పూర్తిగా ఆరిపోతుంది, అది ఇంకో లాభం.

అయితే తుప్పు లోతుకి దిగితే ఏ ముద్దా పనికిరాదు. కాకినాడలో ఉన్న రోజుల్లో ఒక పెళ్ళి వంట ముగిసి, రాత్రి రెండింటికి అలిసిపోయి, ఉప్పులో ఊరుతున్న నిమ్మకాయ ముక్కల బేసిన్‌లో కత్తి వదిలేసి పడుకున్నాను. పొద్దున చూస్తే అలుగు సగం ఇటుకరంగు. రెండు గంటలు రుద్దితే ఎరుపు పోయింది. కింద గుండుసూది మొనతో పొడిచినట్టు వరసగా సన్న గుంటలు మిగిలాయి. ఉప్పులోని క్లోరైడు చేసే పని అది, పొరని చీల్చుకుని ఒకే చోట లోతుకి తవ్వుతుంది. మామూలు పులుపు అలా చేయదు. ఆ కత్తి ఇంకా నా దగ్గరుంది, పదునుగానే ఉంది, కానీ కొబ్బరి ముక్కలు కోస్తే ఆ గుంటల్లో పిప్పి ఇరుక్కుంటుంది. ఊరగాయ కోతలప్పుడు ఉప్పు చేతులతో కత్తి పట్టుకుంటే అరగంటకోసారి కడిగి తుడవండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో గాలిలోనే ఉప్పు ఉంటుంది, కాబట్టి అక్కడివాళ్ళకి ఇంకాస్త శ్రద్ధ కావాలి.

పీచు ఎందుకు వద్దన్నానంటే, స్టీలు పీచుతోనో, చింతపండు ఇటుకపొడితోనో రోజూ తోమితే ఉన్న పొర రోజూ పోతుంది. తోమిన కత్తి తళతళలాడుతుంది, ఆ తళతళ అంటే నగ్నమైన ఇనుము, సాయంత్రానికి ఎర్రబడుతుంది. మళ్ళీ తోముతారు. ఇలా ఏడాది తోమించి కత్తి మంచిది కాదని పడేసిన ఇళ్ళున్నాయి. మీ ఇంట్లో అంట్లు తోమే ఆవిడ ఉంటే ఆ కత్తిని అసలు అంట్లలో వేయకండి. వంట కాగానే మీరే కడిగి, తుడిచి, వేరే చోట పెట్టుకోండి. నీళ్ళ గిన్నెలో నానబెట్టడం, డిష్‌వాషర్‌లో పెట్టడం, తడి కత్తిని సొరుగులో వేయడం, ఈ మూడూ పూర్తిగా మానాలి.

సాన పట్టాక ఏమవుతుందో కూడా తెలుసుకోండి. రాయి మీద రుద్దిన అంచు వెంట పొర పోయి మళ్ళీ తెల్లగా అవుతుంది. మా అమ్మమ్మ కత్తిపీటకి కూడా అంచు తెల్లగా ఉండేది ఇందుకే. కాబట్టి సాన పట్టిన రోజు పచ్చి ఉల్లిపాయ, వంకాయ కోస్తే ముక్కలు కొంచెం నల్లబడొచ్చు. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. వీధిలోకి వచ్చే మోటారు సాన దగ్గర ఈ కత్తిని పెట్టొద్దు. నిప్పురవ్వలు లేచేలా పట్టినప్పుడు అంచు వెంట నీలం రంగు వస్తే, ఆ నీలం పటీనా కాదు. ఉక్కు 300 డిగ్రీల దగ్గర కాలిన గుర్తు. ఇలాంటి కత్తుల్ని తయారుచేసేటప్పుడు గట్టిదనం నిలవడానికి 200 డిగ్రీల అటూఇటూ మాత్రమే కాల్చి ఉంచుతారు. అంతకంటే వేడి తగిలితే అంచు మెత్తబడిపోతుంది, ఆ నీలం ఉన్నంత మేర అరగదీస్తే తప్ప మళ్ళీ పదును నిలవదు. మాంసం నీలం కత్తి ఒళ్ళంతా మబ్బుల్లా, ఓ చోట ఎక్కువ ఓ చోట తక్కువ ఉంటుంది. కాలిన నీలం అంచుని ఆనుకుని సన్నటి పట్టీలా ఉంటుంది. ఇదొక్కటి గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు.

రోజూ వాడే కత్తికి నూనె అక్కర్లేదు. వారం పది రోజులు ఊరెళ్తుంటే రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, కనబడకుండా తుడిచి పెట్టండి. సన్‌ఫ్లవర్ నూనె కొన్నాళ్ళకి జిగురులా గట్టిపడుతుంది, కొబ్బరినూనె అంత తొందరగా గట్టిపడదు. నెలల తరబడి దాచేవాటికి పాతకాలంలో ఆముదం రాసేవారు, అదీ మంచిదే. వాడే ముందు సబ్బుతో కడగాలి. తోలు ఒరలో పెట్టి దాచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది.

ఆరోగ్యం గురించి మీరు అడగలేదు కానీ మీ అత్తగారు అడుగుతారు. నల్లపొర వల్ల హాని లేదు. ఎర్ర తుప్పు కూరలో కలవడం మంచిది కాదు, రుచి పాడవుతుంది, అంతేగానీ విషం కాదు. తుప్పు కత్తి తెగితే ధనుర్వాతం వస్తుందనే భయం అందరికీ ఉంది. ధనుర్వాతం తుప్పు వల్ల రాదు, మట్టిలో, పశువుల పేడలో ఉండే బ్యాక్టీరియా గాయంలోకి చేరితే వస్తుంది. ఏ కత్తి తెగినా గాయం లోతుగా ఉంటే టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాల్సిందే, అది మెరిసే స్టీలు కత్తి అయినా సరే.

మీ అత్తగారికి ఇదంతా వివరించే బదులు అటక మీది కత్తిపీట కిందికి దించి పక్కన పెట్టండి. దుమ్ము తుడిచి, పైపైన ఎర్రగా ఉన్నచోట బూడిదతోనో సోడాతోనో రుద్ది, మరిగే నీళ్ళు పోసి తుడవండి. పీటలోకి అలుగు దిగిన చోట కూడా చూడండి. అక్కడ తేమ దాక్కుని చెక్క పుచ్చి, అలుగు కదులుతూ ఉంటుంది. కదులుతుంటే వడ్రంగికి చూపించి బిగించాకే వాడండి, కాలికి దగ్గరగా ఉండే పనిముట్టు అది. గట్టిగానే ఉంటే ఒక అరటికాయ కోసి, తుడిచి, ఆవిడ చేతికివ్వండి. ఆ నలుపేదో, మీ కొత్త కత్తి మీద రాబోతున్న నలుపేదో ఆవిడే పోల్చి చూస్తారు.